మెక్సికో నుంచి వచ్చిన తొండూరు పాట

మా బ్యాండు మాస్టరు పోయారని ఫోను వచ్చినప్పుడు నేను పులివెందులలో టైర్ల కొట్టులో పనిలో ఉన్నాను. వెంటనే నమ్మలేదు. తాను పోయానని కబురంపి, ఎవరెవరు వస్తారో చూసే మనిషి ఆయన. ఇరవై ఏళ్ళు ఆయన పక్కన క్లారినెట్ ఊదినందుకు ఆ అనుమానం జబ్బు నాకూ అంటింది.

మెక్సికోలో ఒక బ్యాండు ఉందట. అచ్చం మాలాగే ట్రంపెట్లు, క్లారినెట్లు, పెద్ద డోలు. వాళ్ళ పాటలు మాస్టరు ఫోనులో విని, నోటితో పాడి మాకు నేర్పేవారు. అసలు పేర్లు మాకు నోరు తిరగవు. మొదట ఏ ఊరి పెళ్ళిలో వాయిస్తే ఆ ఊరి పేరు పెట్టుకున్నాం. తొండూరు పాట, ఖాజీపేట పాట. తొండూరు పాటకు పెళ్ళికొడుకు తాత కూడా గంతులేశాడు.

ఆ పాటల వల్లే జమ్మలమడుగు చుట్టుపక్కల పెళ్ళిళ్ళన్నీ మావే అయ్యాయి. కొత్త పాట నేర్పే రోజు మాస్టరు కిటికీలు మూయించి, మా ఫోన్లన్నీ సంచిలో వేసి ఒళ్ళో పెట్టుకునేవారు. "యాడిదని ఎవురన్నా అడిగితే మా చర్చి పాత పాటని చెప్పు" అనేవారు. పాస్టరుగారు అడిగినా నేను అదే చెప్పాను.

పోయిన ఏడాది ప్రొద్దుటూరు బ్యాండు తొండూరు పాట వాయించింది. నేను మండిపడుతూ వెళ్ళి చెబితే మాస్టరు తొణకలేదు. "ఎవురిచ్చినారో నాకు తెలుసులేప్పా" అన్నారు. నన్నే అంటున్నారనుకున్నాను. ఆ రోజు నుంచి ఆ గడప తొక్కలేదు. ఊపిరి అందక ఆయన మంచం పట్టినా, బ్యాండు చెదిరిపోయినా వెళ్ళలేదు.

సమాధుల తోటకు ప్రొద్దుటూరు బ్యాండు వచ్చింది. దొంగలకు ఇక్కడేం పని అని ఎదురెళ్ళాను. వాళ్ళ మాస్టరు నన్ను పక్కకు తీసుకెళ్ళాడు.

"పాటలు మీ మాస్టరే వచ్చి ఇచ్చినాడప్పా. 'ఊపిరి సాలడంల్యా, మావోళ్ళకు మీ బ్యాండులో చోటియ్యి, అది సాలు' అన్నాడు. 'మా క్లారినెట్టాయప్ప శానా అనుమానం మనిషి, ఇప్పుడు చెప్తే నాతో కొట్లాడతాడు, నేను పోయినాంక పిలుచుకో' అని నీ గురించే అన్నాడు."

అబద్ధమేమోనని అతని మొహం చాలాసేపు చూశాను. కాదు. ఇన్ని నెలలు ఆయన్ను చూడకుండా ఉన్నందుకు నా మీద నాకే అసహ్యం వేసింది.

పెట్టె దించేటప్పుడు వాళ్ళు వరసగా నిలబడ్డారు. క్లారినెట్ల మధ్య ఒకరు పట్టేంత చోటు వదిలి ఉంది.