అడ్డుతెర మీద పత్తికొమ్మ

మార్టూరు ఆవిడ తెచ్చే కుట్టు ఆవిడది కాదని నాకు మొదటి నుంచీ అనుమానం. ఎవరిచేతనో కుట్టించుకొచ్చి మా ముందు పరుస్తోందని నా నమ్మకం. అనుమానించడం నాకు కొత్త కాదు. మిరపకాయల వ్యాపారం చేసే ఇంట్లో పుట్టి, అదే వ్యాపారం చేసే ఇంటికి కోడలిగా వచ్చాను. బస్తా మూతి దగ్గర కాయలు నిగనిగలాడుతుంటే మా నాన్న సంతోషించేవాడు కాదు. మోచేతిదాకా చెయ్యి లోపలికి పెట్టి, అడుగున ఉన్న కాయ తీసి చూసేవాడు. నేను మనుషుల దగ్గర కూడా అదే చేస్తాను. మా ఆయన దీన్ని రోగం అంటాడు. ఆ రోగమే ఆయన్ని ఒకటి రెండు బేరాల్లో నష్టం రాకుండా కాపాడింది. ఆ మాట మాత్రం ఆయన నోట రాదు.

పర్చూరులో మా కుట్టు బృందం శనివారం మధ్యాహ్నాలు టీచరుగారి హాల్లో కూర్చుంటుంది. ఆవిడ ఆడపిల్లల హైస్కూల్లో కుట్లు, అల్లికలు నేర్పి రిటైరయ్యారు. పెన్షనుతో పాటు అజమాయిషీ కూడా ఇంటికి తెచ్చుకున్నారు. ఆవిడ పెట్టిన షరతు ఒక్కటే. ప్రతి కుట్టూ ఎవరికి వాళ్ళే చేత్తో వెయ్యాలి. మిషన్ మీద వేసింది తేకూడదు, మగ్గం వర్కు షాపులో ఇచ్చి చేయించుకు రాకూడదు. ఒకసారి ఒకావిడ దిండు గలీబు మీద షాపులో నెమలిని వేయించి తెచ్చింది. టీచరుగారు గలీబు తిరగేసి చూశారు, కళ్ళజోడు తీశారు, కాఫీ ఇచ్చి పంపేశారు. ఆ తరవాత ఆవిడ మళ్ళీ రాలేదు.

మార్టూరు ఆవిడకి నలభై దాటాయి. వాళ్ళాయన గ్రానైటు పాలిషింగ్ యూనిట్ నడుపుతాడు. ప్రతి శనివారం బస్సులో వచ్చేది. వచ్చాక హాల్లో మూలన కూర్చుని, గుడ్డ బిగించిన రింగు ఒళ్ళో పెట్టుకునేది కానీ, కుట్టడం మాత్రం చూడలేకపోయేవాళ్ళం. ఒక కాడ వెయ్యడానికి సగం మధ్యాహ్నం పట్టేది. వేసిన ఆ కాడ కూడా తాగినవాడి నడకలా వంకర్లు పోయేది. మేం అటు చూస్తున్నామని తెలిస్తే లేచి, "టీ నేను పెడతానండీ" అని వంటింట్లోకి వెళ్ళేది. మరుసటి వారం ఇంటి దగ్గర కుట్టిన గుడ్డ తెచ్చి పరిచేది. ఆ కుట్టు చూస్తే కళ్ళు తిప్పుకోలేం. చిన్నపిల్ల గోరంత ఆకులో కూడా ఈనెలు కనపడేవి. ఇంట్లో ఇంత బాగా కుట్టే చెయ్యి, హాల్లోకి వచ్చేసరికి ఎందుకు చచ్చుబడుతుంది? అందరూ "మొహమాటం, పాపం" అనుకున్నారు. నేను అనుకోలేదు.

అంతలో మా అమ్మాయికి పెళ్ళి కుదిరింది. బృందంలో ఎవరింట పెళ్ళయినా అడ్డుతెర మేమే కుట్టి ఇస్తాం. జీలకర్రబెల్లం పెట్టేదాకా పెళ్ళికూతురికీ పెళ్ళికొడుక్కీ మధ్య పట్టుకునే తెర అది. మా అమ్మాయి రాధాకృష్ణులు వద్దంది, చిలకలూ వద్దంది. మిరపకొమ్మలూ పత్తికొమ్మలూ కావాలంది. "ఇంకా నయం, పురుగుమందు డబ్బా కూడా కుట్టమనలేదు" అన్నాడు వాళ్ళ నాన్న. మీగడ రంగు పట్టుగుడ్డని ముక్కలుగా కోసి పంచుకున్నాం. అన్నీ అయ్యాక జరీ అంచుతో కలిపి కుట్టాలి. మిరపకాయలు నేను తీసుకున్నాను. పత్తికొమ్మ కష్టం, మీగడ రంగు మీద తెల్లదారం తేలాలి. దాన్ని నేనే మార్టూరు ఆవిడకి ఇచ్చాను. మనసులో మాట చెప్పాలంటే, ఎలా కుట్టించుకొస్తుందో చూద్దామనే ఇచ్చాను.

ముప్పాతిక పని చేసి తెచ్చింది. పగిలిన పత్తికాయల్లో దూది ఇప్పుడే విచ్చుకున్నట్టుంది. నేను వెంటనే తిరగేశాను. వెనకవైపు శుభ్రంగా ఉంది, మగ్గం వర్కు కాదు. కానీ ఒక సంగతి నా కంట్లో పడింది. కొమ్మలకి మేం వేసే కాడ కుట్టు, పేనిన తాడులా ఉంటుంది. మా అందరి తాడూ ఒకే వైపు మెలి తిరుగుతుంది. ఈ పత్తికొమ్మలో మెలిక ఎదురువైపు తిరిగింది. హాల్లో ఆవిడ వేసిన వంకర కాడలు తీసి పక్కన పెట్టుకు చూశాను. అవి మా వైపే తిరిగాయి. అంటే ఇవి రెండు వేరువేరు చేతులు. ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

అయినా ఇంకోటి చూసుకున్నాను. శుభలేఖతో పాటు అందరికీ గాజులు ఇస్తూ, ఆవిడ ఎడమచేతికి నేనే తొడిగాను. కుడిచేత్తో సూది పట్టేవాళ్ళకి ఎడమచెయ్యి రింగు కిందే ఉంటుంది, సూది మొన వచ్చి చూపుడువేలికే గుచ్చుకుంటుంది. మా అందరికీ ఆ వేలికొస గరుకుగా ఉంటుంది. ఆవిడ వేలు వెన్నముద్దలా ఉంది. అసలు సూదే పట్టని మనిషని ఆ క్షణాన తేల్చుకున్నాను.

ఆ సాయంత్రం అందరూ వెళ్ళాక, ఆవిడ వంటింట్లో కప్పులు కడుగుతుంటే టీచరుగారికి చెప్పాను. ఆవిడ ముక్కని వెలుతురులో పట్టుకుని చాలాసేపు చూశారు.

"తెర మీ అమ్మాయిది. నువ్వు వదిలేస్తే నేనూ వదిలేస్తాను. వదలనంటే శనివారం చివరి కొమ్మ ఇక్కడే, అందరి ముందూ కుట్టిద్దాం. కుట్టలేకపోతే ముక్కా ఉండదు, మనిషీ ఉండదు" అన్నారు.

"వదలనండీ" అన్నాను. ఆవిడ బయటికి వచ్చాక టీచరుగారు ముక్క చేతికిచ్చి, చివరి కొమ్మ ఒక్కటీ కుట్టకుండా ఉంచి శనివారం తెమ్మన్నారు.

శనివారం దాకా ఆగితే నేను నేనెందుకవుతాను? తెల్ల పట్టుదారం చుట్ట ఒకటి సంచిలో వేసుకుని, దారం ఇవ్వడానికి వచ్చానని చెప్పొచ్చు కదా అని గురువారం మార్టూరు బస్సెక్కాను. దారి పొడుగునా కల్లాల్లో మిరపకాయలు ఎండుతున్నాయి. ఊళ్ళోకి వచ్చాక ఆ ఘాటు పోయి రాతిపొడి ముక్కులకెక్కింది. వాళ్ళ వాకిట్లో తులసికోట మీద కూడా తెల్లగా పొడి పేరుకుంది. మిట్టమధ్యాహ్నం, తలుపు లోపల గడియ వేసి ఉంది. పట్టపగలు గడియ ఎందుకు? లోపల ఎవరో కుట్టేమనిషి ఉండే ఉంటుంది అనుకున్నాను. కిటికీ రెక్క ఓరగా తెరిచి ఉంటే లోపలికి చూశాను. నేను సిగ్గుపడలేదు. చూడ్డానికే కదా వెళ్ళాను.

గదిలో ఆవిడ ఒక్కతే ఉంది. నా కూతురి పట్టుముక్క రింగులో బిగించి, ఎడమచేత్తో కుడుతోంది. సూది ఎక్కడ దిగుతోందో ఎక్కడ లేస్తోందో నాకే అందలేదు. కుడిచెయ్యి రింగు కింద ఉంది. నా నీడ పడిందేమో, తల ఎత్తింది. ఎత్తీ ఎత్తగానే సూది కుడిచేతిలోకి మార్చుకుంది. తలుపు తీశాక ఆ కుడిచేతి చూపుడువేలు పట్టుకుని చూశాను. కొస అంతా జల్లెడలా చిల్లులు పడి నల్లబడింది. నేను చూడాల్సిన వేలు అది.

"ఎప్పటినుంచి ఇలా?" అన్నాను.

"పుట్టినప్పటి నుంచీ ఇంతేనక్కా. మా నాన్న వాత పెడతానని బెదిరించి అన్నం, రాత కుడిచేతికి మార్పించాడు. సూది మాత్రం మారలా."

"ఆ ముక్క మాతో చెప్పొచ్చు కదా."

"ఏమని చెప్పనండీ? పుర్రచేతిదాన్నని తెలిస్తే శుభకార్యంలో ఎవరు చెయ్యి వెయ్యనిస్తారు? మా ఆడబిడ్డ పెళ్ళికి తలంబ్రాల బియ్యం కలపబోతే మా అత్తగారు పళ్ళెం లాగేసుకుంది. పెళ్ళిపని చేసిపెట్టమని నాకు ఇచ్చింది మీరొక్కరే."

నేను ఎందుకు ఇచ్చానో ఆవిడకి చెప్పలేదు. శనివారం సంగతి మాత్రం చెప్పాను.

"టీచరుగారికి మీరే చెప్పారా?"

"నేనే చెప్పాను."

కాసేపు రింగు మర బిగిస్తూ, వదులు చేస్తూ కూర్చుంది. "ముక్క తీసేస్తే తీసెయ్యనీండి అక్కా. నన్ను మాత్రం రావద్దు అనకుండా చూడండి. వారం అంతా ఆ శనివారం కోసమే చూస్తాను" అంది.

నేను తెల్లదారం చుట్ట ఆవిడ పక్కన పెట్టి లేచాను. తిరుగు బస్సులో నా మీద నాకే చిరాకు పుట్టింది. ఇన్నేళ్ళుగా తప్పని లెక్క ఇక్కడ తప్పింది. కానీ దానికన్నా పెద్ద దిగులు ఇంకోటి పట్టుకుంది. నాకు పట్టింపులు లేవని చెప్తే అది అబద్ధం. పెళ్ళితెర కదా, ఎడమచేత్తో కుట్టిన పెళ్ళితెర. మా వియ్యపురాలు మా ఇంట్లో పొయ్యి ఏ దిక్కున ఉందో కూడా అడిగి తెలుసుకున్న మనిషి. ఈ మాట ఆవిడ చెవిన పడితే? అసలు ఈ బృందంలో ఆవిడ చెవిన వేసేదెవరు? ఒక్కొక్కరి మొహమే తలుచుకున్నాను, ఒక్కరి మీదా నమ్మకం కలగలేదు. ఇంటికి వెళ్ళి మా ఆయనకి కూడా చెప్పలేదు.

శనివారం అందరూ వచ్చారు. మార్టూరు ఆవిడ కూడా వచ్చింది. రాదేమోనని, రాకపోతే బాగుండునని లోలోపల అనుకున్నాను. ఆవిడ తెచ్చిన పత్తికొమ్మ ముక్క టీచరుగారు తీసి చూసి, మళ్ళీ ఆవిడ ఒళ్ళోనే పెట్టారు.

"ఈ చివరి కొమ్మ ఇక్కడే కుట్టమ్మా. అందరం చూస్తాం."

ఆవిడ ఒకసారి నా వైపు చూసింది. నేను చూపు తిప్పుకోలేదు. ఆవిడ సూది కుడిచేత్తోనే పట్టుకుంది. మొదటి కుట్టు పక్కకి జారింది. రెండోది పట్టుపోగుని లాగి గుడ్డ ముడతపడేలా చేసింది. ఎవరో చిన్నగా నవ్వారు. టీచరుగారు కళ్ళజోడు తీసి చేత్తో పట్టుకున్నారు. దిండు గలీబు ఆవిడ్ని పంపే ముందు కూడా అలాగే తీశారు.

ఆ మనిషి మొహం చూసి జాలిపడ్డానని చెప్పను. ఆ రెండు కుట్లు చూసి నా ఒళ్ళు మండింది. నా కూతురి తెర మీద ఆ దరిద్రపు కుట్టు ఉండటం నేను భరించలేకపోయాను.

"ఊడదియ్యి. ఆ రెండూ ఊడదీసి నీ చేత్తో కుట్టు" అన్నాను.

"ఏ చేత్తో?" అన్నారు టీచరుగారు.

ఆవిడ రెండు కుట్లూ విప్పింది. దారం సరిచేసుకుంది. సూది ఎడమచేతిలోకి మార్చుకుంది.

"పెళ్ళితెర ఇది. ఎడంచేత్తోనా?" అని టీచరుగారు నా వైపు తిరిగారు. "పెళ్ళికూతురి తల్లివి. నువ్వు చెప్పు."

అందరూ నన్నే చూస్తున్నారు. నా బుద్ధి నాకు తెలుసు. రేపు ఆ పిల్లలిద్దరూ కూరలో ఉప్పు గురించి మాటామాటా అనుకున్నా నాకు ఈ పత్తికొమ్మే గుర్తొస్తుంది. పిల్లకి జ్వరం వచ్చినా ఇదే గుర్తొస్తుంది. ఇప్పుడు సరే అంటే, ఈ అనుమానంతో బతికినన్నాళ్ళూ బతకాల్సిందే. భయం వేసింది. అయినా వంటింట్లో టీ కాస్తూ నిలబడ్డ ఈ మనిషి వీపు ఇన్ని శనివారాలుగా చూశాను. ఇంకో శనివారం చూడాలనిపించలేదు.

"కుట్టనీండి. మా వియ్యపురాలు అడిగితే నేను చెప్పుకుంటాను. మీలో ఎవరైనా ముందే చెప్తే, ఎవరు చెప్పారో కనుక్కోవడం నాకు పెద్ద పని కాదు" అన్నాను.

ఆవిడ తల వంచుకుని కుట్టడం మొదలుపెట్టింది. మొదటి రెండు కుట్లూ ఆచితూచి వేసింది, తరవాత నేను కిటికీలోంచి చూసిన వేగం వచ్చేసింది. కన్నీళ్ళు కారుతున్నా తుడుచుకోవడానికి ఆగలేదు. ఎవరూ దగ్గరికి జరగలేదు, ఎవరూ లేచి వెళ్ళనూ లేదు. కొమ్మ సగానికి వచ్చాక టీచరుగారు కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు. కుర్చీ ముందుకి లాక్కుని, ఆవిడ ఎడమచేతి మీదకి వంగారు.

"కాస్త మెల్లగా కుట్టమ్మా. మాకూ కనపడాలి" అన్నారు.