సీటు మీద తువ్వాలు

మొన్న సోమవారం సాయంత్రం నాలుగూ నలభైకి గద్వాల బస్టాండులో అయిజ బస్సు ఎక్కాను. సీటు దొరకలేదు. నిలబడి వెళ్తుంటే మా మేనత్త సింగపూరు ప్రయాణం గుర్తొచ్చింది.

ఆ రోజుల్లో నేను గద్వాలలో ఒక ప్రైవేటు బడిలో ఇంగ్లీషు చెప్పేవాణ్ణి. అప్పటికి నేను చూసిన పరాయి దేశమల్లా రాయచూరు. (అక్కడ కూడా హోటల్లో తెలుగే మాట్లాడి వచ్చాను.) అయినా మా బంధువుల్లో ప్రపంచం తెలిసినవాణ్ణి నేనే. అయిజలో చీరలు నేసే మా అత్తకు, సింగపూరులో జరిగే చేనేత ప్రదర్శనలో ఐదు రోజులు మగ్గం నేసి చూపించమని పిలుపు వచ్చింది. మామ పోయిన రెండేళ్ళకు ఆమె ముఖంలో ఉత్సాహం కనిపించడం అదే మొదటిసారి. "అల్లుడా, ఆడ ఎట్ల మెలగాలెనో జర రాసియ్యి" అంది.

లైబ్రరీ నుంచి గైడు పుస్తకం తెచ్చి నాలుగు పేజీలు రాశాను. రోడ్డు మీద ఉమ్మకూడదు. కాగితం ముక్క పారెయ్యకూడదు. రైల్లో మంచినీళ్ళు కూడా తాగకూడదు. తోచినచోట రోడ్డు దాటకూడదు. ఎవరినీ వేలితో చూపించకూడదు. చీనావాళ్ళకు, మలయావాళ్ళకు, తమిళులకు వేర్వేరు మర్యాదలున్నాయి, ఒక్కటీ తప్పకూడదు. ప్రతి 'కూడదు' కిందా ఎర్ర గీత కొట్టాను. (బడి అలవాటు.)

ఆదివారం అయిజ వెళ్ళి చదివి వినిపించాను. అత్త వక్క నమలడం ఆపేసింది.

"ఉమ్మొద్దు, తాగొద్దు, వేలు సూపొద్దు. ఊపిరన్న తీస్కోనిస్తరా?"

"జాగ్రత్త కోసం రాసిన అత్తా."

"వద్దు బిడ్డా, నేను పోను. నాకు భాష రాదాయె. తప్పు జేస్తే ఎవర్ని బతిమాలుకోవాలె? రానని ఫోన్ జేసి చెప్పు."

మగ్గం గుంటలో దిగి నేయడం మొదలుపెట్టింది. రెండేళ్ళకు వచ్చిన ఉత్సాహాన్ని నేనే పాడుచేశానని అర్థమైంది. పనికిరాదని రాయకుండా వదిలేసిన ఒక సంగతి చెప్పాను. అక్కడ తిండి దుకాణాల దగ్గర జనం ముందు బల్ల మీద చిన్న కాగితపు రుమాళ్ళ పొట్లం పెట్టి, ఆ తర్వాత తిండి తెచ్చుకోవడానికి వెళ్తారట. అక్కడ ఇంకెవరూ కూర్చోరట.

మగ్గం చప్పుడు ఆగింది.

"అంటే మనం అయిజ బస్సుల కిటికీలకెల్లి తువ్వాల ఏసినట్టా?"

"అట్లనే."

"చీనోళ్ళు గూడనా?"

"అందరూ."

"గీ ముచ్చట ఆఖరికి చెప్తవా! ముందుగాల రాయొద్దా? గట్లయితే పోత. మనసొంటోళ్ళే."

మామ ఎర్రగళ్ళ తువ్వాలు సంచిలో పెట్టుకుని అత్త వెళ్ళింది. మొదటి రోజే దాన్ని బల్ల మీద వేసి అన్నం తెచ్చుకోవడానికి వెళ్ళిందట. వచ్చేసరికి ఒక చీనా ముసలమ్మ తువ్వాలును చూసి నవ్వుతూ, కూర్చోకుండా నిలబడి ఉందట. అత్త కూర్చుని, పక్కకు జరిగి ఆమెకు చోటిచ్చిందట.

"భాష రాదు గదా, ఏం మాట్లాడుకున్నరు?" అన్నాను.

"ఆమె మోకాళ్ళు సూపెట్టింది, నేను నావి సూపెట్టిన. ఇద్దరికీ నొప్పులే."

నా నాలుగు పేజీలు మాత్రం వచ్చేటప్పుడు చెప్పులు చుట్టడానికి పనికొచ్చాయి.

ఆ తర్వాత ఎప్పుడు కలిసి ప్రయాణం చేసినా నాకంటే ముందే బస్సు దగ్గరికి చేరి, కిటికీలోంచి ఆ తువ్వాలు వేసి, "రా అల్లుడా, సింగపూర్ సీటు!" అని బస్టాండంతా వినబడేలా కేకేసేది. నేను ఇంగ్లీషు సారును కాబట్టి సిగ్గుపడేవాణ్ణి. కానీ కూర్చునేవాణ్ణి.

పోయిన వానాకాలం అత్త చనిపోయింది. ఇప్పుడు అయిజ బస్సులో నాకోసం ఎవరూ సీటు మీద తువ్వాలు వెయ్యరు.