గుడివాడ నుంచి హంసలదీవికి, ఒక జ్ఞానస్నానం సంగతి అడగడానికి

గుడివాడలో నేనూ సునీతా ఒకే గదిలో అద్దెకుండేవాళ్ళం. నేను పెడన నేతవాళ్ళ అమ్మాయిని, చర్చి సంగతులు తెలియవు. సునీత ప్రొటెస్టెంట్ల ఇంట పుట్టినా బాప్తిస్మం తీసుకోలేదు. ఈమధ్యే కేథలిక్కుల్లో చేరాలనుకుంది. ఈస్టరుకి జ్ఞానస్నానం, బాప్తిస్మానికి వాళ్ళ మాట అదే, ఇస్తామన్నారు. అంతలో జ్వరం ముదిరి ఆసుపత్రిలో చేరింది. ఫాదర్ వచ్చేదాకా ఉండననిపించిందేమో, "నువ్వే పొయ్యవే" అంటూ అనాల్సిన మాటలు నేర్పింది. తలమీద నీళ్ళు పోసి, పిత, పుత్ర, పవిత్రాత్మ నామమున నీకు జ్ఞానస్నానం ఇస్తున్నాను అన్నాను. ఆ సాయంత్రమే పోయింది. అది చెల్లిందో లేదో తెలియక, కొన్నాళ్ళకి ఒక్కదాన్నే బయలుదేరాను.

పొద్దున్నే బస్సెక్కితే పెడన మీదుగా బందరుకి గంటన్నర లోపే. మా ఇంటి సందు కనబడినా దిగలేదు. బందరు చర్చి వరండాలో పెద్దవయసు ఫాదర్ ఒకరు కూర్చుని ఉన్నారు. జరిగిందంతా చెప్పాను.

"నేను హిందువునండీ. నేను పోస్తే చెల్లుతుందా?"

"తను అడిగింది. తిరుసభ, అంటే మా చర్చి, చేసేదే చెయ్యాలని నువ్వు పోశావు. ప్రాణాపాయంలో ఎవరు పోసినా చెల్లుతుందమ్మా."

"రోములో మీ పోపుగారు కాదంటేనో? ఆయన మాటలో తప్పుండదంటారుగా?"

ఆయన నవ్వలేదు. "ప్రతి మాటకీ కాదు. విశ్వాసం గురించో నీతి గురించో సభంతటికీ ఇదే నిర్ణయమని ప్రకటించినప్పుడే అందులో పొరపాటుండదంటాం. ఇది ఎప్పట్నించో ఉన్న బోధ. ఆయనా కాదనరు."

"నేను పొయ్యకపోయుంటే?"

"రక్షణకి జ్ఞానస్నానం కావాలనే మా బోధ. కోరుకుని, అందకుండానే పోయినవాళ్ళని ఆ కోరికే దేవుడి దగ్గరికి చేరుస్తుందని కూడా."

బయటికొచ్చి, ఈ మాట చెబుదామని ఫోను తీశాను. చెప్పాల్సిన మనిషి సునీతే.

చల్లపల్లి, మోపిదేవి మీదుగా అవనిగడ్డ, అక్కణ్ణించి కోడూరు. సునీత వాళ్ళ ఊరు హంసలదీవికి ఆటో మాట్లాడుకున్నాను.

"సముద్రానికా అమ్మా? ఒక్కరేనా?" అన్నాడు డ్రైవరు.

"ఊళ్ళోకేనండీ."

సునీత వాళ్ళమ్మగారు వాకిట్లో చేపలు ఎండబెడుతున్నారు. ఆసుపత్రిలో జరిగిందీ, ఫాదర్ అన్నదీ చెప్పాను. ఆవిడ చేతిలో చేపని తిరగేసి ఎండలో పెట్టారు.

"నీళ్ళు చల్లగా ఉన్నాయా అమ్మా? దానికి చన్నీళ్ళు పడవు."

"లేదండీ. ఫ్లాస్కులోవి. గోరువెచ్చగానే ఉన్నాయి."

తలాడించి, నాకు అన్నం పెట్టారు. ఆవిడ తినలేదు.

సందేహం తీరింది, దిగులు తీరలేదు. కానీ ఆ తల్లి అడిగినదానికి జవాబు తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. వెళ్ళకపోతే ఆవిడ ఎవర్ని అడిగేవారు? మీరు అటు వెళ్తే, సాయంత్రం బళ్ళు దొరకవు, వచ్చిన ఆటోనే ఉండమనండి. నేను పంపించేశాను. కోడూరు రోడ్డు మీద చాలా దూరం నడిచాను.