బాపు ఏరిన స్పీకర్లు

నిన్న దుమ్ము తుడుస్తుంటే, పాట వస్తున్న స్పీకరు నా అరచేతి కింద సన్నగా వణికింది. మా నాన్న, బాపు గుర్తొచ్చాడు.

చిన్నప్పుడు చంద్రపూర్ పక్కన ఊర్జానగర్‌లో నా క్లాస్‌మేట్ సునీత ఇంట్లో కంప్యూటర్‌కు మోకాలెత్తు స్పీకర్లుండేవి. వాళ్ళ నాన్న వాటి ముందు కూర్చుని పాటతో పాటు కూనిరాగం తీసేవాడు. నాకు కడుపు మండిపోయేది. మా ఇంటికీ ఒక పాత కంప్యూటర్ రాగానే, బొగ్గు గనిలో పనిచేసే బాపును చంద్రపూర్ బజారుకు లాక్కెళ్ళాను.

నేను పెద్దవే కావాలన్నాను. బాపు మాత్రం జ్వరం చూసినట్టు మోగుతున్న ఒక్కో స్పీకరు మీద అరచెయ్యి ఆనించి, అన్నిటికన్నా చిన్న జత తీశాడు.

"పెద్దయి దడదడ కొట్టుకుంటున్నయ్ బిడ్డా. గివి సక్కగ పాడుతున్నయ్."

"సునీత వాళ్ళయి గింత పెద్దగున్నయ్ బాపూ!" అని వెనక నుంచి అరిచాను. బాపు వినిపించుకోలేదు. డబ్బా చంకన పెట్టుకుని నడిచాడు. ఎంత పిసినారో అనుకున్నాను.

ఆ చిన్న స్పీకర్లు ఏళ్ళ తరబడి బొంగురుపోకుండా పాడాయి. గనిలో పేలుళ్ళకు బాపు చెవులు అప్పటికే చాలావరకు పోయాయని పెద్దయ్యాక అమ్మ చెప్పింది.

సునీత మీద నాకు ఇప్పటికీ కుళ్ళే, ఆ స్పీకర్లకు కాదు, వాళ్ళ నాన్న పాట వింటూ తీసిన ఆ కూనిరాగానికి.