ఎవరూ ఏమీ చెయ్యని నెల

తెల్లవారి వెలుగు కిటికీలోంచి లోపలికి రాగానే కాజాలమ్మ పన్నెండు సూదుల్లో దారం ఎక్కించుకునేది. ముఖం కడుక్కున్న తరువాత, పొయ్యి ముట్టించక ముందు. ఆ వేళలో కళ్ళు మాట వింటాయి, మధ్యాహ్నానికి అవే మొండికేస్తాయి. అందుకని రోజంతటికీ సరిపడా సూదులు పొద్దున్నే సిద్ధం చేసి, చిన్న దిండుకి వరసగా గుచ్చి పెట్టుకునేది. ఒక్కో సూదికి ఒక్కో మనిషిని తలుచుకుని, "వాళ్ళని చల్లగా చూడు తండ్రీ" అనుకునేది. మొదటి సూది ఎప్పుడో పోయిన భర్తకి. రెండోది కింద కొట్లోని టైలరుకి. మూడోది ఎదురుగా రొట్టెలమ్మే ఆవిడకి. నాలుగోది మందుల షాపాయనకి. అలా లెక్కపెట్టుకుంటూ పోతే తొమ్మిదో సూదికే తెలిసిన మనుషులు అయిపోయేవారు. మిగిలిన మూడూ ఆ రోజు చేతికొచ్చే కోట్లు తొడుక్కోబోయేవారికి. వాళ్ళెవరో ఆవిడకి తెలియదు. దేవుడికి తెలుసు కదా, అది చాలు.

కాజాలమ్మ అన్నది అసలు పేరు కాదు. యాభై ఏళ్ళుగా చొక్కాలకీ కోట్లకీ చేత్తో కాజాలు కుట్టి కుట్టి ఆ పేరు అంటుకుపోయింది. ఇప్పుడు చొక్కాల కాజాలు మిషన్లే వేస్తున్నాయి. కోట్లు మాత్రం టైలరు ఆవిడకే ఇచ్చేవాడు. "మిషను కాజా గాలికి నోరు తెరిచిన చేపలా ఉంటుంది, అక్కయ్య కాజా పెదవి బిగించుకున్న పెద్దమనిషిలా ఉంటుంది" అని గిరాకీలకి చెప్పేవాడు.

ఆవిడ గది టైలరు కొట్టు మీద, పంతొమ్మిది మెట్లెక్కాక. ఒక మంచం, ఒక బల్ల, కిటికీ పక్కన కుర్చీ. పిల్లలు లేరు. తలుపుకి లోపల ఇనుప గడియ. పొద్దున్న తనే తీసేది, చీకటి పడ్డాక తనే వేసుకునేది. డెబ్బై నాలుగేళ్ళు వచ్చాయి.

ఆ వీధికి ఒక పట్టింపు ఉంది. చాలా ఏళ్ళ కిందట మూల ఇంట్లో ఒంటరిగా ఉండే ఒక పెద్దాయన చనిపోతే మూడు రోజుల దాకా ఎవరికీ తెలియలేదు. ఆ సంగతి పేపర్లో పడింది. వీధి మొత్తానికి తల కొట్టేసినట్టయింది. అప్పటినుంచి బయటివాళ్ళు ఎవరొచ్చి అడిగినా, మా వీధిలో ఎవరికీ ఏ లోటూ లేదనీ, అందర్నీ మేమే చూసుకుంటామనీ చెప్పడం వాళ్ళకి అలవాటైపోయింది. చేసిన దానికి రెండింతలు చెప్పేవారు. అందులో దురుద్దేశం లేదు. పాత సిగ్గు ఒకటి అలా మాట్లాడించేది.

అలాంటి చావులు ఇంకెన్నో చోట్ల జరిగాయేమో, ప్రభుత్వం ఒక చట్టం చేసింది. డెబ్బై దాటి ఒంటరిగా ఉంటున్నవాళ్ళని ఆఫీసు మనుషులు వచ్చి చూడాలి, ఇరుగుపొరుగుని పది ప్రశ్నలు అడగాలి. వంట ఎవరు చేస్తారు, సరుకులు ఎవరు తెస్తారు, జబ్బు చేస్తే ఎవరు చూస్తారు, ఇలాంటివి. పదింటిలో నాలుగు పనులు వేరేవాళ్ళే చేస్తున్నారని తేలితే, ఆ మనిషి ఒంటరిగా బతకలేరని రాసి సంరక్షణ గృహానికి మారుస్తారు.

ఆఫీసు నుంచి ఒక అమ్మాయి కాగితాల ఫైలుతో వచ్చిన రోజున కాజాలమ్మ ఇంట్లో లేదు. కుట్టిన కోటు ఇవ్వడానికి పెద్ద బజారుకి వెళ్ళింది.

"పైన ఉండే బామ్మగారికి వంట ఎవరు చేస్తారండీ?" అని అడిగింది ఆ అమ్మాయి.

"ఇంకెవరు? నేనే" అంది రొట్టెలావిడ, చేతుల పిండి దులుపుకుంటూ. "ఆవిడ చేత పొయ్యి ముట్టించనిస్తానా." నిజానికి వాన పడ్డ రోజున ఒక గిన్నె మీద మూత పెట్టి పైకి పంపేది, అంతే.

"సరుకులు?"

"నేనున్నానుగా" అన్నాడు టైలరు. "ఆవిడ కింద కాలు పెట్టకుండా అన్నీ పైకే చేరవేస్తాం." అతను చేరవేసేది దారపు రీళ్ళూ కోట్లూ.

మందుల షాపాయన వెనకబడతాడా. "జ్వరమైనా, నొప్పైనా అంతా నా చేతి మీదే. మాత్ర నోట్లో వేసి నీళ్ళు పట్టిందాకా కదలను" అన్నాడు.

ఆ అమ్మాయి అన్నీ శ్రద్ధగా రాసుకుంది. వెళ్తూ వెళ్తూ, "మీరంతా ఎంత మంచివాళ్ళండీ" అంది. ముగ్గురూ రోజంతా పొంగిపోయారు.

పది రోజులకి ఉత్తరం వచ్చింది. టైలరు అద్దాలు పెట్టుకుని పైకి చదవడం మొదలుపెట్టి సగంలో ఆగిపోయాడు.

"ఏమిటి తమ్ముడూ, మింగేశావు?" అంది కాజాలమ్మ.

"అక్కయ్యా... నిన్ను గృహానికి పంపిస్తారట. ఏడు పనులు వేరేవాళ్ళు చేస్తున్నారట."

"ఎవరు చెప్పారు?"

టైలరు టేపు మెడలోంచి తీసి మళ్ళీ వేసుకున్నాడు. "మేమే" అన్నాడు.

రొట్టెలావిడ వచ్చి విషయం తెలుసుకుని నెత్తి కొట్టుకుంది. "ఈయనొకడు, కాలు కింద పెట్టనివ్వమట. కోతలు కోస్తే కొయ్యచ్చు గానీ దానికి హద్దుండక్కర్లా?"

"పొయ్యి ముట్టించనివ్వనన్నది ఎవరమ్మా?" అన్నాడు టైలరు.

కాజాలమ్మకి కోపం రాలేదు. తనకోసం ఇంత చేస్తామని ముగ్గురు మనుషులు ఒకరి మీద ఒకరు పోటీపడి చెప్పారే అనుకుంటే గుండె తడిసింది. మరుక్షణమే ఆ గృహం గుర్తొచ్చింది. పరిచయమున్న ఒకావిడని చూడటానికి ఓసారి వెళ్ళింది అక్కడికి. శుభ్రంగా ఉంది, వేళకి భోజనం, నవ్వుతూ పలకరించే నర్సులు. సూదులూ కత్తెరలూ లోపలికి రానివ్వరు. గది తలుపులకి లోపల గడియలుండవు. ఆ పరిచయస్థురాలు మాట్లాడుతున్నంతసేపూ తలుపు వంకే చూస్తూ కూర్చుంది.

"నేను ఆఫీసుకెళ్ళి తప్పు చెప్పామని రాసిచ్చేస్తాను" అన్నాడు టైలరు.

"నీ కొట్టు లైసెన్సు ఉన్నది ఆ ఆఫీసులోనే. అబద్ధం చెప్పానని నీ చేత్తో రాసిస్తావా? వద్దు." ఆవిడ ఉత్తరాన్ని మడత వెంబడి మళ్ళీ మడిచింది. "నెల లోపల మళ్ళీ వచ్చి చూడమని అడగొచ్చని చివర్లో ఉంది కదా. అడుగుదాం. ఇంకో అబద్ధం మాత్రం ఎవరూ చెప్పొద్దు. నా పనులన్నీ నేనే చేసుకుంటానన్నదాన్నే నిజం చేసుకుందాం. ఈ నెల రోజులూ నాకెవరూ ఏమీ చెయ్యకండి."

"ఏమీ అంటే?" అంది రొట్టెలావిడ.

"ఏమీ అంటే ఏమీ. మెట్లెక్కొద్దు."

అలా మొదలైంది ఆ నెల.

కోట్లు తనే కిందికొచ్చి తీసుకునేది. చేతి మీద కోటు, సంచిలో రీళ్ళు, తొమ్మిదో మెట్టు మీద కాసేపు కూర్చోవడం, మళ్ళీ ఎక్కడం. సరుకులు తనే తెచ్చుకునేది, రెండుసార్లుగా. ఇవన్నీ కష్టమే గానీ చేసుకోగలిగింది. చెయ్యలేకపోయింది ఇంకొకటి. టైలరు ఇదివరకు పని తయారైతే గజం బద్దతో పైకప్పు మీద రెండు దెబ్బలు కొట్టేవాడు. "ఆఁ, వింటున్నా" అని ఆవిడ పైనుంచి కాలితో నేల తట్టేది. అదీ సాయం కింద లెక్కేమోనని అతను మానేశాడు. ఆ రెండు దెబ్బల కోసం చెవి రోజంతా ఊరికే ఎదురుచూసేది. దాన్ని మాత్రం ఆవిడ ఆపలేకపోయింది.

రెండో వారంలో జ్వరం వచ్చింది. శాలువా కప్పుకుని గోడ పట్టుకుని మందుల షాపుకి వెళ్ళింది. ఆయన మాత్రల పొట్లం బల్ల మీద పెట్టి, రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు.

"మీరే తీసుకోండి అత్తయ్యా. నేను చేతికివ్వను."

"నీళ్ళు?"

"ఆ కుండలో ఉన్నాయి. నేను అటు చూడటం లేదు" అని నిజంగానే గోడవైపు తిరిగాడు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. ఆవిడకి నవ్వొచ్చింది, ఆ వెంటనే కళ్ళు చెమర్చాయి. జ్వరం వల్లేనని సర్దిచెప్పుకుంది.

మూడో వారంలో ఒక మధ్యాహ్నం పెద్ద వాన. కాజాలమ్మ గాలికి తలుపు గడియ వేసి, కిటికీ మూసి వచ్చేసరికి మెట్ల మీద అడుగుల చప్పుడైంది. బరువైన నడక, ఒక చెప్పు కాస్త ఈడుస్తూ. రొట్టెలావిడే. గిన్నె మూత కదిలిన చిన్న చప్పుడు కూడా వినిపించింది. కాజాలమ్మ లేచి తలుపు దాకా వెళ్ళి గడియ మీద చెయ్యి వేసింది. అడుగులు తొమ్మిదో మెట్టు దగ్గర ఆగాయి. ఇద్దరి మధ్యా ఒక తలుపూ పది మెట్లూ. ఈవిడ గడియ తియ్యలేదు, ఆవిడ పైకి రాలేదు. కొంతసేపటికి అడుగులు నెమ్మదిగా దిగిపోయాయి. కాజాలమ్మ వెనక్కొచ్చి కుర్చీలో కూర్చుంది. సూది తీసింది గానీ ఆ పూట ఒక్క కుట్టు కూడా పడలేదు. 'తండ్రీ, నా గది నాకుండాలని అడిగాను, తప్పంటావా' అని ఒక్క మాట అనుకుంది.

ముప్పయ్యో రోజుకి ఆ అమ్మాయే వచ్చింది. ముందు కిందివాళ్ళని అడిగింది.

"వంటా? నాకేం తెలుసమ్మా" అంది రొట్టెలావిడ తల తిప్పుకుని. "నెలై నేనావిడ గడప తొక్కలేదు." నూరుపాళ్ళూ నిజం. ఆ నిజం చెప్పి ఆవిడ మళ్ళీ పిండిలో చేతులు పెట్టింది.

పైన కాజాలమ్మ పది ప్రశ్నలకీ ఒకే జవాబు చెప్పింది. "నేనే." జబ్బు సంగతి అడిగితే, "జ్వరం వచ్చింది. నేనే చూసుకున్నాను" అంది, గొప్పేమీ లేకుండా.

ఆ అమ్మాయి కలం మూసింది. "బామ్మగారూ, ఇలా ఉండటం మీకు ఇష్టమేనా?"

"ఆ ప్రశ్న కాగితంలో ఉందా?"

"లేదండీ."

"అయితే రాసుకోకు. ఇలా ఉండటం ఎవరికి ఇష్టమమ్మా? నా గడియ నేను తీసుకోవాలి, నా సూది నా చేతిలో ఉండాలి. దానికోసం ఇలా ఉన్నాను."

"మీరు పడిపోతే ఎవరికీ తెలియదేమోనని కదండీ ఆ చట్టం."

"తెలుసమ్మా. మంచికే చేసుంటారు. చేసినవాళ్ళకి ఈ మెట్లు తెలియవు, అంతే."

ఆ అమ్మాయి మళ్ళీ కలం తీసి, 'ఒంటరిగా ఉండగలరు' అని రాసి ముద్ర వేసింది. వెళ్తూ, "ఏడాదిలో ఎప్పుడైనా చెప్పకుండా వస్తామండీ, అది రూలు" అని కిందివాళ్ళకి కూడా వినపడేట్టు చెప్పింది.

చిక్కంతా ఆ ఒక్క మాటతో వచ్చింది. గది నిలిచినందుకు వీధంతా సంతోషపడింది. సంతోషపడి, ఎక్కడివాళ్ళు అక్కడే ఆగిపోయారు. "అక్కయ్యా, మనం జాగ్రత్తగా ఉండాలి. ఎప్పుడొస్తారో ఏమో" అన్నాడు టైలరు. వారం గడిచింది. పైకప్పు మీద దెబ్బలు లేవు. వాన పడింది, గిన్నె రాలేదు. ఆవిడ మీద ప్రేమ కొద్దీ ఆవిడ దగ్గరికి ఎవరూ రావడం లేదు. ఇది ఇలాగే ఏడాది సాగుతుంది, ఆ పైన ఇంకో ఏడాది.

కాజాలమ్మ పుట్టి బుద్ధెరిగాక నోరు తెరిచి ఎవర్నీ ఏదీ అడగలేదు. వచ్చినవన్నీ అడగకుండానే వచ్చాయి. ఇక అలా రావు. కిటికీ పక్కన కూర్చుని రెండు రోజులు ఆలోచించింది. మూడో రోజు మధ్యాహ్నం, బేరాలు పల్చబడ్డాక, చేతిరుమాల్లో ఏదో చుట్టుకుని మెట్లు దిగి, రోడ్డు దాటి, రొట్టెల కొట్లో పిండి బస్తా పక్కనున్న స్టూలు మీద కూర్చుంది.

రొట్టెలావిడ కంగారుగా వీధిలోకి తొంగిచూసింది. "ఏంటత్తయ్యా, మళ్ళీ ఆ కాగితాలమ్మాయి గానీ వచ్చిందా?"

"రాలేదు. నీకు చేతులు ఖాళీయేనా?"

"ఖాళీయే. ఏం కావాలి? మీరు కూర్చోండి గానీ, నేను ఏదన్నా పెడితే మళ్ళీ అదొక..."

"పెట్టొద్దులే. ఆ పది ప్రశ్నలూ నాకు కంఠతా వచ్చు. అందులో కాళ్ళ సంగతి లేదు."

"కాళ్ళేంటి?"

కాజాలమ్మ చేతిరుమాలు విప్పింది. లోపల చిన్న గోళ్ళ కత్తెర. చెప్పడానికి సిగ్గేసి పిండి బస్తా వైపు చూస్తూ, "నెల రోజులై వంగలేకపోతున్నానే. చెప్పులో బొటనవేలి గోరు గుచ్చుకుని మెట్లెక్కలేకపోతున్నా. నా కాలిగోళ్ళు కాస్త తీసిపెట్టవూ?" అని అడిగింది.