రోజా ఉన్నట్టే స్కాన్‌కి వెళ్ళాను

ఇందుకూరుపేటలో నాది జాకెట్లు కుట్టే పని. ఆ రోజు ఉదయం మిషన్ తొక్కుతుంటే గుండె మీద బరువు పెట్టినట్టయింది. చెమటలు పట్టాయి. గ్యాస్ అనుకుని జీలకర్ర నీళ్ళు తాగాను. రెండు రోజులకు మళ్ళీ అదే బరువు. మా ఆయన రఫీ, "నీ వైద్యం చాల్లే, పద" అని నెల్లూరు ఆస్పత్రికి తీసుకెళ్ళారు.

బీపీ ఎక్కువుంది. ఈసీజీ బాగుంది. ఎకో చేస్తూ డాక్టరుగారు ఒకచోట ఆగారు. "గుండెకి రక్తం తీసుకెళ్ళే నాళం ఒకటి పుట్టుకతోనే వేరేచోట మొదలైనట్టుంది. రెండు పెద్ద నాళాల మధ్య నలుగుతుంటే ఆపరేషన్ ఆలోచించాలి. సీటీ కరోనరీ యాంజియో అనే స్కాన్‌లో తేలిపోతుంది. లోపలికి గొట్టాలేవీ పెట్టరు, చేతికి ఇంజెక్షన్, అంతే" అన్నారు.

ఆపరేషన్ అన్న మాటే నా చెవుల్లో మిగిలింది. నర్సు చెప్పిన జాగ్రత్తల్లో "నాలుగు గంటలు ఏమీ తినొద్దు" అన్నదొక్కటే పట్టుకున్నాను. ఉపవాసం నాకు ఒకరు నేర్పాలా? పన్నెండేళ్ళప్పటి నుంచి రోజాలు ఉంటున్నదాన్ని! స్కాన్ రోజు, రంజాన్‌లో సహరీకి లేచినట్టే తెల్లారకముందే లేచి తిని, రెండు గ్లాసుల టీ తాగి, ఆ తర్వాత చుక్క నీళ్ళు ముట్టలేదు.

"హార్ట్ రేట్ తొంభై నాలుగు ఉండాదే! టీ తాగినావా అమ్మా?" అన్నాడు స్కాన్ చేసే టెక్నీషియన్.

"రెండు గ్లాసులు సార్."

"నీళ్ళో?"

"ఉపవాసం గదా సార్, చుక్క తాగలా."

ఆయన తల పట్టుకున్నాడు. "టీ మానమన్నాం, నీళ్ళు తాగమన్నాం. రెండూ తిరగేసినావు తల్లీ! గుండె నిదానంగా కొట్టుకుంటేనే బొమ్మ సరిగ్గా వచ్చేది. రేపు రా."

తిరుగు బస్సులో మా ఆయన నవ్వాపుకోలేకపోయారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

మర్నాడు టీ జోలికి పోలేదు. నీళ్ళు తాగాను. అక్కడిచ్చిన మాత్రతో హార్ట్ రేట్ అరవైకి దిగింది. ఇంజెక్షన్ ఎక్కగానే ఒళ్ళంతా వేడి పాకింది. "ఊపిరి బిగబట్టు" అన్నారు, బిగబట్టాను. చూస్తుండగానే అయిపోయింది.

డాక్టరుగారు స్క్రీన్ మా వైపు తిప్పారు. "నాళం పుట్టిన చోటు వేరే, నిజమే. కానీ పెద్ద నాళం వెనకగా పోతోంది, ఎక్కడా నలగడం లేదు. బ్లాకుల్లేవు. ఆపరేషన్ అక్కర్లేదమ్మా. గుండె మీద బరువు బీపీ వల్ల అయ్యుండొచ్చు, దానికి మాత్ర వేసుకోండి." నేను వెక్కివెక్కి ఏడ్చాను. మా ఆయన నా చెయ్యి వదల్లేదు.

ఇప్పుడు రోజూ మాత్ర వేసుకుంటున్నాను, మిషన్ తొక్కుతున్నాను. ఆ బరువు మళ్ళీ రాలేదు. స్కాన్‌కి వెళ్ళేవాళ్ళకి నేను చెప్పేదొకటే. ఏం మానాలో, ఏం తాగాలో కాగితం మీద రాయించుకోండి. భయంలో సగం మాటలు చెవికెక్కవు.

ఇవాళ పొద్దున మా ఆయన నా ముందు టీ గ్లాసు పెట్టి, "ఈరోజు స్కాన్ ఏం లేదు గదా?" అన్నారు. ఆపరేషన్ అంటే వణికిపోయినదాన్ని, గట్టిగా నవ్వి తాగేశాను.