కోయింబ్రా సందులో మావాడు

నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. నమ్మేవాళ్ళంటే చిరాకు కూడా. గుంటూరులో ఉన్నప్పుడు ఎవరికైనా పూనకం వచ్చిందంటే వెళ్ళి నవ్వి వచ్చేవాణ్ణి. ఇప్పుడు అడిలైడ్‌లో వంతెనలకు డిజైన్లు వేసే ఉద్యోగం. ఇది చదివి నేను మారిపోయాననుకోకండి. జరిగింది జరిగినట్టు చెబుతాను, అంతే.

మా ఆవిడ సుజాతకు శకునాల పట్టింపు ఎక్కువ. ముఖ్యమైన పనిమీద బయల్దేరితే ఎవరో ఒకరు ఎదురు రావాల్సిందే. మేముండే మాసన్ లేక్స్‌లో మా చుట్టుపక్కల తెలుగువాళ్ళంతా మా అబ్బాయి నిఖిల్ ఎదురు మంచిదని తేల్చేశారు. వాడు ఎదురొచ్చాక ఒకమ్మాయి డ్రైవింగ్ టెస్టు పాసైందట, ఇంకొకరికి ఇక్కడే స్థిరపడటానికి పీఆర్ వచ్చిందట. ఇంకేముంది, వాడికి చేతినిండా పని.

ఫుట్‌పాత్ చివరిదాకా వెళ్ళి, బ్యాగు ఒక భుజానికి తగిలించుకుని, నేల చూపులు చూస్తూ, కాళ్ళీడ్చుకుంటూ నడిచొచ్చేవాడు. "డాడ్, దిస్ ఈజ్ సో లేమ్" అని, పరువు పోతోందన్నట్టు నా దగ్గర గొణిగేవాడు. ఈ విషయంలో నేనెప్పుడూ వాడి పక్షమే.

ఎదురొచ్చేవాళ్ళను పిలవకూడదు, వాళ్ళు దాటాక మనం వెనక్కి వెళ్ళకూడదు. ఇవి సుజాత నియమాలు. వినీ వినీ నాకూ నోటికొచ్చేశాయి.

నిఖిల్ తన యూనివర్సిటీ తరఫున ఒక సెమిస్టర్ పోర్చుగల్‌లో చదివే అవకాశం వస్తే కోయింబ్రా అనే పాత ఊరికి వెళ్ళాడు. కొన్ని వారాలకే వాడి రూమ్మేట్ ఫోన్ చేశాడు. మెనింజైటిస్ అట, మెదడు పొరలకు ఇన్ఫెక్షన్. స్పృహ లేదు, వెంటిలేటర్ పెట్టారు, ఎవరైనా వెంటనే రండి అన్నాడు.

నాది ఆస్ట్రేలియన్ పాస్‌పోర్టు. సుజాత ఇండియన్ పాస్‌పోర్టు వదులుకోలేదు. ఆమెకు వీసా కావాలి. వీసా వచ్చేదాకా పిల్లవాడు ఆగుతాడా? నేనొక్కణ్ణే బయల్దేరాను.

గుమ్మంలో సుజాత నా చెయ్యి పట్టుకుంది. "ఎదురొచ్చేవాడు అక్కడ పడున్నాడండీ. ఏడుపు మొహంతో నేనెట్టా ఎదురు రానూ?" అంది. ఆ సమయంలో కూడా నాకు కోపమే వచ్చింది. టాక్సీ ఎక్కాను.

లిస్బన్‌లో దిగి, రైల్లో కోయింబ్రా చేరేసరికి ఆదివారం తెల్లవారింది. నా ఫోన్‌కి రోమింగ్ కలవలేదు. హాస్పిటల్ అడ్రసు ఫోన్లోనే ఉంది, ఛార్జింగ్ అయిపోయింది. స్టేషన్ బయట టాక్సీ అతనికి "హాస్పిటల్" అన్నాను. అతను తల ఊపి, కొండమీదికి తీసుకెళ్ళి ఒక పాత రాతి భవనం ముందు దించాడు. డబ్బు తీసుకుని వెళ్ళిపోయాడు. తలుపుకి తాళం. ఒకప్పుడు అది ఆసుపత్రో ఏమో, ఇప్పుడు మాత్రం కాదు.

చుట్టూ సన్న సన్న సందులు, మెట్లు, బాల్కనీల్లో ఆరేసిన బట్టలు. కనిపించిన ఇద్దరు ముగ్గురూ పెద్దవాళ్ళు. ఇంగ్లీషులో అడిగాను. చేతులతో సూది గుచ్చినట్టు చూపించాను. ఒకాయన ఫార్మసీ వైపు చూపించాడు, అదీ మూసి ఉంది. ఒకావిడ చాలాసేపు దయగా ఏదో చెప్పింది. ఒక్క ముక్క అర్థం కాలేదు. నా కొడుకు ఈ ఊళ్ళోనే చావుబతుకుల మధ్య ఉన్నాడు, నేను వీధుల్లో మూగవాడిలా తిరుగుతున్నాను. అంత చేతకానివాణ్ణని నాకెప్పుడూ అనిపించలేదు.

మూడు సందులు కలిసే చోట ఆగిపోయాను. ఎటు వెళ్ళాలో తెలియక ఊరికే నిలబడ్డాను.

అప్పుడు ఎదురుగా ఉన్న సందులోంచి నిఖిల్ నడిచొస్తున్నాడు.

బూడిదరంగు హుడీ, ఒక భుజానికి బ్యాగు, నేల చూపులు, అదే కాళ్ళీడ్చే నడక. ఒక షూ లేసు ఊడి రాళ్ళమీద దేకుతోంది. వాడికీ నాకూ మధ్యలో ఒక ముసలావిడ చక్రాల సంచి లాక్కుంటూ వస్తోంది. సందు ఇరుకు. ఆవిడ సంచిని గోడవైపు జరిపి వాడికి దారి ఇచ్చింది. ఏదో అంది కూడా. వాడు తలూపి, నా పక్కనుంచి, చెయ్యి చాస్తే అందేంత దగ్గర్లో దాటి, నా వెనకున్న మెట్లవైపు వెళ్ళిపోయాడు.

మొదట సంతోషమేసింది. వీడు బాగానే ఉన్నాడు, నడుస్తున్నాడు! మరుక్షణం రూమ్మేట్ మాటలు గుర్తొచ్చాయి. స్పృహలేని పిల్లవాడు ఇక్కడ నడుస్తున్నాడంటే అర్థమేమిటి? నోరు తెరిచాను. పిలవలేకపోయాను.

తిరిగి చూస్తే మెట్లు కిందిదాకా ఖాళీగా ఉన్నాయి.

"మావాడమ్మా, మా అబ్బాయే కదా?" అని ఆ ముసలావిడను తెలుగులోనే అడిగాను. ఆ గాభరాలో ఇంగ్లీషు కూడా గుర్తురాలేదు. ఆవిడ నా మొహం చూసి, చెయ్యి తన తలకంటే ఎత్తున పెట్టి చూపించింది. నిఖిల్ అంతే పొడుగు. తర్వాత వేలితో కిందికి, వాడు దిగిన మెట్లవైపు చూపించింది. వెళ్ళు, వాడి వెనకే వెళ్ళు అన్నట్టు నా మోచెయ్యి పట్టి తోసింది.

నా ప్రాణమంతా ఆ మెట్లవైపే లాగింది. వాడిని పట్టుకుని ఇంటికి తీసుకుపోవాలని. కానీ ఎదురొస్తే ముందుకే వెళ్ళాలి. నేను జన్మంతా వెక్కిరించిన మాట అది. వెక్కివెక్కి ఏడుస్తూ, వాడు వచ్చిన సందులోకి నడిచాను. ఎక్కడా మలుపు తిరగలేదు. ఆ దారి చివర రోడ్డు, రోడ్డుకి అవతల హాస్పిటల్.

నిఖిల్ మంచంమీద ట్యూబుల మధ్య ఉన్నాడు. బతికే ఉన్నాడు. కొద్ది రోజులకు కళ్ళు తెరిచాడు. ఇప్పుడు ఇంటికొచ్చి మళ్ళీ చదువుకుంటున్నాడు. వాడికేమీ గుర్తులేదు. నేనూ చెప్పలేదు.

రెండు విమానాల నిద్రలేమి, భయం. మెదడు ఏమైనా చూపిస్తుందని ఇక్కడి మా డాక్టర్ అన్నారు. ఒప్పుకున్నాను. నా కళ్ళను నేనే అనుమానిస్తాను. కానీ ఆ ముసలావిడ ఎవరికి దారి ఇచ్చినట్టు?

దానికంటే నన్ను తినేసేది ఇంకొకటుంది. ఆవిడ తోసిన వైపు దిగి ఉన్నా వాడు నాకు దక్కేవాడేనా? లేక నేను వెంటపడకపోబట్టే వాడు వెనక్కి వచ్చాడా? కొడుకును వదిలేసి నడిచానో, కాపాడుకున్నానో నాకిప్పటికీ తెలియదు. తెలుసుకునే దారీ లేదు.